వానకోటు లోపల కురిసే వాన

జూన్ మొదలవగానే తెలుగు ఊళ్ల బజార్లలో దుకాణాల ముందు వానకోట్లు వేలాడుతూ కనిపిస్తాయి. కొనేవారు అడిగేది సాధారణంగా ఒక్కటే: "నీళ్లు లోపలికి దిగవు కదా?" అమ్మేవారి జవాబు కూడా ఎప్పుడూ ఒక్కటే. ఇద్దరూ వదిలేసే సంగతి మరొకటి ఉంది. వానకోటు వేసుకున్న మనిషి ఒంట్లోంచి పుట్టే నీరు ఎటు పోవాలి? ఈ ప్రశ్నకు వానదుస్తుల పరిశ్రమ వెతుక్కున్న జవాబులు చాలావరకు యూరప్, ఉత్తర అమెరికాల చలి వానలను దృష్టిలో పెట్టుకున్నవి. ఉక్కపోతలో కురిసే మన నైరుతి వానలకు అవి సగమే సరిపోతాయి. ఖరీదైన కోటు కొన్నవారు కూడా తడిసిన చొక్కాతో ఇల్లు చేరడానికి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

వేడి, తేమ రెండూ ఉన్న వాతావరణంలో ఒక మోస్తరు శ్రమ చేసే మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పట్టడం మామూలే. మామూలు రోజుల్లో అందులో కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది. వానకోటు వేసుకున్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. పైగా కోటు బయటి ముఖాన్ని వాన నీరు నిరంతరం చల్లబరుస్తూ ఉంటుంది కాబట్టి, లోపల ఒంటి చుట్టూ ఉన్న వెచ్చటి ఆవిరి ఆ చల్లటి గుడ్డను తాకగానే మళ్లీ నీటిబొట్లుగా మారి చొక్కాకు అంటుకుంటుంది. కోటు కారుతోందని అనుకునేవారిలో చాలామంది కోటు నిజానికి ఎక్కడా కారి ఉండదు. తడి ఎక్కడుందో చూస్తే దాని మూలం తెలిసిపోతుంది. వీపంతా, మోచేతుల కిందంతా ఒకే తీరుగా చెమ్మగా ఉంటే అది చెమట. భుజం కుట్టు పొడవునా గీతలా, జిప్పు వెనక చారికలా, గజ్జల దగ్గర మడుగులా ఉంటే అది వాన. మొదటి రకం తడికి ఇంకా మందమైన కోటు కొంటే ఇబ్బంది పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఈ లోపలి తడి ఎంత పెద్ద సమస్యో యూరప్ ప్రమాణాలే ఒప్పుకుంటాయి. వానలో పనిచేసేవారి రక్షణ దుస్తులకు అక్కడ ఈఎన్ 343 అనే ప్రమాణం అమల్లో ఉంది. ఆవిరిని దాదాపు వదలని అట్టడుగు తరగతి దుస్తులను, మధ్యస్థ శ్రమ చేస్తూ, 10 డిగ్రీల చలిలో ఏకబిగిన 240 నిమిషాలు వేసుకోవచ్చని, 25 డిగ్రీలకు వచ్చేసరికి 60 నిమిషాలకు మించి వేసుకోరాదని అది సూచిస్తుంది. అందులోని పట్టిక 25 డిగ్రీలతో ఆగిపోతుంది. పైగా గాలిలో తేమ 50 శాతమే అనుకుని వేసిన లెక్క అది. మన వానాకాలం దాదాపుగా ఆ పట్టిక ముగిసిన చోట మొదలవుతుంది, తేమ 90 శాతం చుట్టూ తిరుగుతుంది. మన బజారులో అగ్గువకు దొరికే పీవీసీ కోట్లన్నీ ఆ అట్టడుగు తరగతి స్వభావం కలవే.

చెమట మీద ఫిర్యాదు వానకోటుతోనే పుట్టింది. 1823లో చార్లెస్ మాకింతోష్ గ్లాస్గోలో, నాఫ్తా అనే ద్రవంలో కరిగించిన రబ్బరును రెండు గుడ్డల మధ్య పూసి నీరు దూరని బట్ట తయారుచేశాడు. అది చలికి బిరుసెక్కేది, ఎండకు జిగురు కట్టేది. 1840ల్లో గంధకంతో రబ్బరును కాచే పద్ధతి వచ్చాక ఆ రెండు దోషాలూ తీరాయి గానీ లోపలి ఉక్క తీరలేదు. మన దేశంలో సురేంద్ర మోహన్ బోస్ 1920లో కలకత్తాలో నెలకొల్పిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ సంస్థ డక్‌బ్యాక్ పేరుతో అమ్మిన రబ్బరు కోట్లదీ అదే బాణీ: వాన ఒక్క చుక్క దిగదు, చెమట ఒక్క చుక్క పోదు. ఈ ముడిని విప్పడానికి పనికొచ్చిన ఆవిష్కరణ 1969 నాటిది. టెఫ్లాన్‌గా మనకు తెలిసిన పదార్థాన్ని బాబ్ గోర్ ఒక్కసారిగా గుంజి చూస్తే, కంటికి కనిపించని అతి సూక్ష్మ రంధ్రాలున్న పొరగా అది సాగింది. నీటిబొట్టు పట్టనంత చిన్నవి, ఆవిరి అణువులకు మాత్రం ధారాళంగా సరిపోయేవి ఆ రంధ్రాలు. 1976 నుంచి గోర్‌టెక్స్ పేరుతో ఆ పొర ఉన్న దుస్తులు అమ్మకానికి వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన 'ఊపిరి తీసుకునే' కోట్లన్నీ ఏదో ఒక విధంగా ఈ ఆలోచనకు వారసులే.

అయితే ఆవిరిని బయటికి నెట్టే శక్తి ఆ పొరలో లేదు. లోపలి ఆవిరి పీడనం, అంటే గాలిలోని నీటి ఆవిరి కలిగించే ఒత్తిడి, బయటి గాలి ఆవిరి పీడనం కంటే ఎంత ఎక్కువైతే, ఆవిరి అంత వేగంగా బయటికి పోతుంది. ఇక్కడే మన వానకూ చలిదేశపు వానకూ తేడా వస్తుంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన సియాటిల్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడ వాన ప్రధానంగా అక్టోబరు నుంచి మార్చి దాకా, 5 నుంచి 10 డిగ్రీల చలిలో కురుస్తుంది. 8 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 90 శాతం ఉన్నా దాని ఆవిరి పీడనం ఒక కిలోపాస్కల్‌కు (పీడనాన్ని కొలిచే ప్రమాణం) మించదు. చెమట పట్టిన చర్మం దగ్గర, 34 డిగ్రీల వద్ద, అది సుమారు 5.3 కిలోపాస్కల్‌లు. తేడా నాలుగుకు పైగా ఉంటుంది. జులై వానలో రాజమండ్రి గాలి 28 డిగ్రీల వద్ద అదే 90 శాతం తేమతో 3.4 కిలోపాస్కల్‌ల పీడనంతో ఉంటుంది కాబట్టి, తేడా రెండు దగ్గరే ఆగిపోతుంది. అంటే ఒకే కోటు, ఒకే మనిషి, ఒకే శ్రమ అయినా, చెమట బయటపడే వేగం ఇక్కడ సగానికి పడిపోతుంది. అమెరికా నుంచి కొడుకు ముచ్చటపడి పంపిన వేల రూపాయల జాకెట్టును తండ్రి రెండు వానలు చూసి చిలక్కొయ్యకు తగిలిస్తే, అందులో ఆయన చాదస్తం ఏమీ లేదు.

ఈ కోట్ల చీటీల మీద, గుడ్డ ఎంత ఆవిరిని బయటికి వదలగలదో చెబుతూ, చదరపు మీటరుకు రోజుకు 10,000 గ్రాములు అని ఒక అంకె ఉంటుంది. వినడానికి అది చాలా పెద్దది. గంటల్లోకి మార్చితే చదరపు మీటరుకు 400 గ్రాములు దాటి కొద్దిగా వస్తుంది. ఒక జాకెట్టు వైశాల్యం మీటరున్నర అనుకున్నా గంటకు 600 గ్రాములు, అదీ ప్రయోగశాలలో అనుకూల పరిస్థితుల్లో. మన వాతావరణంలో ఆ సామర్థ్యం సగమయ్యాక చెమటదే పైచేయి అవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పొర మీద ఉండే బయటి గుడ్డకు నీటిని నిలవనివ్వని పూత ఒకటి వేస్తారు. కొత్తలో వాన చినుకులు దాని మీద తామరాకు మీది నీటిబొట్లలా దొర్లిపోతాయి. నాలుగు ఉతుకులకూ సంచి పట్టీల రాపిడికీ ఆ పూత అరిగిపోతే గుడ్డ నీరు పీల్చి బరువెక్కుతుంది. లోపలికి నీరు దిగకపోయినా ఆవిరి వెళ్లే దారి మూసుకుపోతుంది. దశాబ్దాలుగా ఈ పూతల్లో వాడుతూ వచ్చిన ఫ్లోరిన్ రసాయనాల కుటుంబానికి చెందిన పీఎఫ్ఓఏను 2019లో, హానికర రసాయనాలను అరికట్టే స్టాక్‌హోమ్ అంతర్జాతీయ ఒప్పందపు నిషేధ జాబితాలో చేర్చారు. వాటి స్థానంలో వస్తున్న ఫ్లోరిన్ లేని పూతలు నీటిని బాగానే నిలువరిస్తాయి గానీ నూనెకు, మురికికి త్వరగా లొంగుతాయి. అందువల్ల కొత్త రకం కోట్లను పాతవాటికంటే తరచుగా ఉతికి శుభ్రంగా ఉంచుకోవాలి.

కాబట్టి తెలుగు నేల మీద వానదుస్తులు ఎంచుకునేటప్పుడు గుడ్డ పేరు కంటే ముందు చూసుకోవలసినవి రెండు: వేసుకునే మనిషి ఎంత శ్రమ చేస్తాడు, అతనికి ఎంత గాలి తగులుతుంది. శ్రమ ఎక్కువ, గాలి తక్కువ అయితే ఒళ్లు ఎంత తెరిచి ఉంటే అంత మేలు. శ్రమ తక్కువ, గాలి ఎక్కువ అయితే ఎంత మూసి ఉంటే అంత మేలు. మొదటి దానికి పొలం పని, రెండో దానికి బైకు ప్రయాణం చక్కటి ఉదాహరణలు.

పొలం సంగతి ముందు. వానలో నాట్లు వేసే స్త్రీలు ఖాళీ యూరియా సంచి అడుగు మూలల్లో ఒకదాన్ని రెండోదానిలోకి నెట్టి, కొప్పులా చేసి తల మీద వేసుకుంటారు. మిగతా సంచి వీపు మీదుగా నడుము దాకా దిగుతుంది. దాన్ని పేదరికానికి గుర్తుగా చూసి పక్కకు నెట్టేస్తారు గానీ, పని స్వభావాన్ని బట్టి చూస్తే అది చాలా తెలివైన వానదుస్తు. నడుం వంచి పనిచేసేటప్పుడు ఆకాశానికి ఎదురుగా ఉండేది తలా వీపే, సంచి కప్పేది సరిగ్గా వాటినే. ఛాతీ, పొట్ట, చేతులు తెరిచే ఉంటాయి కాబట్టి ప్రతి కదలికకూ కొత్త గాలి లోపలికి వచ్చి ఆవిరిని తీసుకుపోతుంది. చేతులకు అడ్డం లేదు, గుండీలు లేవు, తడిసినా దులిపితే చాలు. ఈ పనికి పొడుగు చేతుల పీవీసీ కోటు ఇస్తే పది నిమిషాల్లో విప్పి గట్టు మీద పారేస్తారు. పొలం పనివారి కోసం ఎవరైనా మెరుగైన వానదుస్తు తయారుచేయదలిస్తే ఈ సంచి ఆకారంతోనే మొదలుపెట్టాలి: తల నుంచి పిక్కల దాకా వెనకవైపు కప్పు, గాలికి ఎగరకుండా నడుము దగ్గర ఒక పట్టీ, ముందు ఖాళీ.

గొర్రెల కాపరుల గొంగడి కూడా ఇదే సూత్రం మీద నడిచింది. దక్కని గొర్రెల ముతక ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడిని కొప్పెరగా మడిచి తల మీదుగా దించుకుంటే ముసురు పట్టిన రోజంతా అది కాపలా కాస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు ఆవిరిని పీల్చుకుని కూడా తాకితే పొడిగానే అనిపిస్తుంది. తడిసినా వెచ్చదనం ఇస్తుంది. ప్లాస్టిక్‌కు ఈ గుణం లేదు. అలాగని గొంగడిని మళ్లీ తెచ్చుకుందామనడం తేలికే గానీ ఆచరణలో కష్టం. జడివానకు అది మోయలేనంత బరువెక్కుతుంది, త్వరగా ఆరదు. ఆ ఉన్నినిచ్చే దక్కని గొర్రెల స్థానంలో తెలంగాణ మందల్లోకి మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు జాతి వచ్చి చేరింది. నిలబడి, మెల్లగా తిరిగే పనికి పుట్టిన దుస్తు అది. బస్సెక్కి ఆఫీసుకు పోయేవారికి పనికిరాదు.

నడిచేవారికి గొడుగును మించింది లేదు. ఒంటికి ఎక్కడా తగలకుండా, నలువైపులా గాలి ఆడుతూ ఉండే వానరక్షణ అదొక్కటే. దాని బలహీనత గాలి. 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో కిందికి పడుతుంది. సెకనుకు 5 మీటర్ల వేగంతో పక్కగాలి వీస్తే ఆ చినుకు నిలువుకు 38 డిగ్రీల వాలుతో వస్తుంది. అప్పుడు గొడుగు తలనూ భుజాలనూ కాపాడుతుంది, నడుము కింద అంతా తడుస్తుంది. తుప్పరకూ ముసురుకూ గొడుగు చాలు, జడివానకు సగం చాలు, గాలివానకు అసలు చాలదు. మూడు మడతల చిన్న గొడుగు సంచిలో ఇమడడానికే బాగుంటుంది. వాడుకకు మాత్రం మడతలు ఎంత తక్కువైతే ఊచల కీళ్లు అంత తక్కువ, విరగడమూ అంతే తక్కువ. ఇనుప ఊచల కంటే ఫైబర్ ఊచలు గాలికి వంగి మళ్లీ నిలబడతాయి, తుప్పు పట్టవు. కొనేటప్పుడు గొడుగు తెరిచి ఊచ కొనల దగ్గర గుడ్డను పట్టి ఉంచిన దారపు ముడులను చూడాలి, ఎక్కువగా ముందు ఊడేవి అవే. ఉరుములు మెరుపుల వేళ ఆరుబయట గొడుగెత్తి నిలబడరాదన్నది ఎంత మామూలు సంగతైనా మళ్లీ చెప్పాల్సిందే. బైకు వెనక కూర్చుని గొడుగు పట్టడం కూడా ఆ కోవలోదే.

బైకు దగ్గరికి వస్తే లెక్కలన్నీ తారుమారవుతాయి. అదే చినుకు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మనిషికి నిలువుకు 60 డిగ్రీల వాలుతో, 60 కిలోమీటర్ల వేగంలో దాదాపు 70 డిగ్రీల వాలుతో ఎదురవుతుంది. అంటే వాన పైనుంచి కాక ఎదుటి నుంచి కురుస్తున్నట్టే. వీపు దాదాపు పొడిగా ఉంటుంది. ఛాతీ, తొడలు, మోకాళ్లు మొత్తం దెబ్బ తింటాయి. వానకోట్లలో అతి బలహీనమైన చోటు ముందు జిప్పు కాగా, బైకు మీద వాన నేరుగా కొట్టేదీ అక్కడే. జర్కిన్‌ను తిరగేసి, జిప్పు వీపు వైపుకు వచ్చేలా వేసుకుని పోయేవారు మన రోడ్ల మీద కనిపించేది ఇందుకే. చూడ్డానికి వింతగా ఉన్నా తర్కం సరైనది. మంచి బైకు కోటులో జిప్పు మీద ఒకటికి రెండు మడతల గుడ్డ ఉండాలి, రెండింటి మధ్య నీరు కిందికి జారిపోయే కాలువలాంటి ఖాళీ ఉండాలి. వెల్‌క్రో అంచు పొడవునా ఉంటే మేలు. అక్కడక్కడ ముక్కలుగా ఉంటే మధ్యలో గాలి దూరి నీటిని తోసుకొస్తుంది.

బైకు మీద శ్రమ తక్కువ, చెమట తక్కువ, గాలి ఎక్కువ. తడిసిన చొక్కాతో ఆ గాలిలో అరగంట పోతే 26 డిగ్రీల వాతావరణంలోనూ వణుకు పుడుతుంది. అందుకని ఇక్కడ ఊపిరాడని మామూలు నైలాన్ సూటు కూడా బాగానే పనిచేస్తుంది. గుడ్డ నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే అంకె మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆ గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబెట్టేదాకా అది కారకుండా ఉంటుందో ఆ అంకె చెబుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఛాతీ మీద పడే గాలి ఒత్తిడి 17 మిల్లీమీటర్ల నీటి స్తంభానికి మించదు. చినుకు తగిలిన క్షణంలో ఒత్తిడి ఇంతకు ఎంతో ఎక్కువైనా అది క్షణకాలమే. అసలు ఒత్తిడి సీటు దగ్గర ఉంటుంది. 60 కిలోల మనిషి బరువు వెయ్యి చదరపు సెంటీమీటర్ల చోటులో పడుతుందనుకుంటే అది 600 మిల్లీమీటర్ల స్తంభానికి సమానం, ఎముకలు ఆనే చోట్ల ఇంకా ఎక్కువ. ఛాతీ మీద నుంచి జారిన నీరంతా ఒడిలో చేరి సీటు పల్లంలో మడుగు కడుతుంది. సరిగ్గా ఆ మడుగులోనే ప్యాంటు నాలుగు కుట్లూ కలిసే చోటు ఒత్తుకుంటూ ఉంటుంది. బైకు మీద తడిసే ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఫిర్యాదు ఈ చోటు గురించే అన్నా అతిశయోక్తి కాదేమో. 20,000 మిల్లీమీటర్ల గుడ్డ కొని ఆ కుట్టును పట్టించుకోకపోతే పెట్టిన డబ్బు వృథా. 5,000 మిల్లీమీటర్ల గుడ్డకు ఆ కుట్టు గట్టిగా మూసి ఉంటే నగర ప్రయాణానికి ధారాళంగా సరిపోతుంది.

మిగతా దారులు చిన్నవే గానీ కలిస్తే మనిషిని ముంచుతాయి. హెల్మెట్ వెనక అంచు నుంచి కారే నీరు నేరుగా మెడలో పడుతుంది. మెడకు చుట్టిన తువ్వాలు దాన్ని ఆపకపోగా తాను తడిసి లోపలికి లాగుతుంది. కాలరు నిటారుగా, గడ్డం దాకా వచ్చేది కావాలి. కోటు టోపీని హెల్మెట్ కింద పెట్టుకుంటే హెల్మెట్ వదులవుతుంది, పక్కల చూపు తగ్గుతుంది. వెనక వదిలేస్తే గాలికి బుంగలా ఉబ్బి, ఆగినప్పుడు నీటితో నిండుతుంది. దాన్ని విడదీసే వీలున్న కోటు మంచిది. చేతి తొడుగులు కోటు చేతుల లోపలికి పోవాలి, లేకపోతే చేయి మీదుగా జారిన నీరు తొడుగులో చేరుతుంది. పొంచో చూడ్డానికి హాయిగా ఉన్నా బైకు మీద వద్దు. దాని అంచు గొలుసులోనో చక్రంలోనో చిక్కుకుంటే ఆ ప్రమాదం ముందు తడవడం ఏపాటిది? రంగు విషయంలో మన కొనుగోళ్లు చాలా తప్పుదారిలో ఉన్నాయి. మాపు కనిపించదని నలుపు, ముదురు నీలం కొంటారు. జోరువానలో, సాయంత్రపు చీకట్లో, వెనక వచ్చే లారీ డ్రైవరుకు ఆ మనిషి కూడా కనిపించడు. పసుపు లేదా నారింజ రంగు, వీపు మీదా భుజాల మీదా వెలుతురును తిప్పికొట్టే పట్టీలు అలంకారం కోసం పెట్టినవి కావు.

తొడుక్కోవడంలో సులువు కూడా ఒక గుణమే. వాన మొదలవగానే హైదరాబాద్ ఫ్లైఓవర్ల కింద బైకులు గుంపులుగా ఆగి, వెనక వాహనాలు స్తంభించిపోయే దృశ్యంలో కొంత బాధ్యత వానకోటు ప్యాంట్లదే. బూటు పట్టనంత ఇరుకు కాలుతో, ఒంటి కాలి మీద గెంతుతూ, బురదలో బూటు విప్పి తొడుక్కోవాల్సిన ప్యాంటును చిన్న వానకు ఎవరూ బయటికి తీయరు, తడుస్తూనే పోతారు. పిక్క దగ్గర మోకాలి దాకా తెరుచుకునే జిప్పు ఉంటే బూటుతో సహా కాలు దిగుతుంది. మామూలు కొలత కంటే ఒక సైజు పెద్దది తీసుకోవాలి. బైకు మీద కూర్చున్నప్పుడు ప్యాంటు అంచు నాలుగు వేళ్లు పైకి జరుగుతుంది, ఆ లెక్క చూసుకోకపోతే బూట్లలోకి నీరు దారి కట్టుకుంటుంది. పిల్లల కోట్లలో వీపు మీద బడిసంచి పట్టేలా మడత ఉన్నవి తీసుకుంటే పిల్లవాడితో పాటు పుస్తకాలూ గట్టెక్కుతాయి.

లోపల వేసుకునేదాని మీద ఎవరూ దృష్టి పెట్టరు. జీన్స్ ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరదు, కాలికి అతుక్కుని ఒరుస్తుంది. మందపాటి నూలు బట్ట చెమటను పట్టి ఉంచుకుంటుంది. వానకోటు కింద పల్చటి పాలిస్టర్ లేదా ఆటల బనీను వంటిది త్వరగా ఆరుతుంది. నూలే ఒంటికి పడేవారు పల్చటిది వేసుకుని ఇంకొకటి సంచిలో పెట్టుకోవడం మేలు. కాళ్ల విషయంలో ఊరినిబట్టి, పనినిబట్టి నిర్ణయం మారుతుంది. తోలు బూట్లు వానాకాలంలో పనికిరావు. గంట ప్రయాణానికి రబ్బరు చెప్పులో, పట్టీలున్న ఫ్లోటర్లో వేసుకుని, ఆఫీసులో పొడి సాక్సులు, బూట్లు మార్చుకునేవారి వేళ్ల సందులు ఒరిసి పాసిపోవు. మురుగు కలిసిన వరద నీటిలోనో, ఎలుకలు తిరిగే వరి మడుల్లోనో రోజంతా దిగి పనిచేసేవారి సంగతి వేరు. ఎలుక మూత్రం కలిసిన నీరు కాలి మీది చిన్న గాయం ద్వారా లెప్టోస్పైరోసిస్ జ్వరాన్ని తెస్తుంది. పారిశుధ్య కార్మికులకు మోకాళ్ల దాకా గమ్‌బూట్లు ఇవ్వాలనడం ఇందుకే. నాట్ల బురదలో ఆ బూట్లు దిగబడిపోతాయి కాబట్టి, అక్కడ ముందే గాయాలకు కట్టు కట్టుకోవడం, పని ముగియగానే కాళ్లు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవడమే ఆచరణలో సాధ్యం.

దుకాణంలో చూడవలసినవి అంత కష్టమైనవి కావు. మొట్టమొదట కోటును తిరగేయాలి. సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రం ఉంటుంది. ఒక కోటులో అలాంటివి వేల సంఖ్యలో ఉంటాయి. వాటి మీద వేడితో అతికించిన టేపు కుట్టు పొడవునా, చంకల్లోనూ గజ్జల్లోనూ మలుపు దగ్గర కూడా తెగకుండా ఉందో లేదో చూడాలి. చీటీ మీది 190టీ, 210టీ అనే అంకెలు నీటి నిరోధాన్ని చెప్పవు. అంగుళానికి పడుగు, పేక కలిపి ఎన్ని దారాలున్నాయో మాత్రమే చెబుతాయి. నీటిని ఆపేది లోపలి పూత. ఆ పూతలో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. పీవీసీ చౌక, గట్టి, బరువు. మడత దగ్గర పగులుతుంది, తడిగా మడిస్తే ముఖాలు అతుక్కుంటాయి. పీయూ (పాలీయురేథేన్) పూసిన నైలాన్, పాలిస్టర్ తేలిక, మెత్తన, చిన్న సంచిలో ఇముడుతుంది. రోజువారీ వాడకానికి ధర కొంచెం ఎక్కువైనా రెండోదే నయం. ఇంటికి తెచ్చిన రోజే ప్యాంటు గజ్జల చోటును గిన్నెలా పట్టి, గ్లాసుడు నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, కింద వేళ్లతో నొక్కి చూస్తే నిజం బయటపడుతుంది. బిల్లు ఇంకా జేబులోనే ఉంటుంది కాబట్టి మార్చుకోవడమూ సులువే. చంకల కింద తెరుచుకునే జిప్పులు, వీపు మీద మడత వెనక వల గుడ్డతో గాలి దారి ఉన్న కోటుకు వంద రూపాయలు ఎక్కువ పెట్టడంలో నష్టం లేదు. మన ఉక్కలో ఆ తెరుపు చేసే పనిని ఏ ఖరీదైన పొరా చేయలేదు.

పీయూ పూత ఎక్కువగా చెడేది వానలో తిరిగిన నాలుగు నెలల్లో కంటే మూటకట్టి అటక మీద పెట్టిన ఎనిమిది నెలల్లో. వేడీ తేమా కలిస్తే ఆ పూత అణువులు నీటితో చర్య జరిపి విడిపోతాయి. లోపలి ముఖం మొదట జిగటగా తగులుతుంది, వాసన వస్తుంది, ఆ తర్వాత తెల్లటి పొలుసులుగా రాలుతుంది. దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్న పాత సరుకులోనూ ఇదే జరుగుతుంది కాబట్టి, తగ్గింపు ధరకు ఇస్తున్న కోటు లోపలి ముఖాన్ని వేలితో రుద్ది చూడాలి. వానాకాలం అయ్యాక మంచినీటితో కడిగి, నీడలో రెండు ముఖాలూ పూర్తిగా ఆరబెట్టి, గట్టిగా మడవకుండా కొంకికి తగిలించి గాలి ఆడే చోట పెడితే ఆ చర్య చాలా నెమ్మదిస్తుంది. ఎండలో ఆరేయడం, ఇస్త్రీ చేయడం, మెత్తదనం కోసం వాడే ద్రవాలతో ఉతకడం మూడూ పూతకు చేటే. పొలుసులు రాలడం మొదలైన కోటుకు మరమ్మతు లేదు. టేపు ఒకచోట లేచిన కోటును మాత్రం పారేయనక్కర్లేదు. ఆ కుట్టును స్పిరిట్‌తో తుడిచి, కుట్లు మూయడానికి ట్యూబుల్లో దొరికే జిగురును లోపలి వైపు పల్చగా రాసి, ఒక రోజు కదపకుండా ఆరనిచ్చాక, మళ్లీ ఆ గ్లాసుడు నీళ్ల పరీక్ష పెట్టి వాడుకోవచ్చు.